రెండు తప్పెటలు సాలూరు వెళ్ళిన సంగతి

బంగారయ్య గురువుగారిని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఛాతీకి రేకు తప్పెట కట్టుకుని, దాన్ని వాయిస్తూ ఆడే తప్పెటగుళ్ళు నేర్పడంలో ఆయనకు ఆ చుట్టుపక్కల మంచి పేరుంది. ఆ ఆటైనా ఆయన నోటితో చెప్పి నేర్పేది తక్కువ. అందుకే ప్రశ్నతో వెళ్ళేవాళ్ళు కడుపునిండా తిని మరీ వెళ్తారు.

ఓ ఆదివారం పొద్దున్నే శిష్యుడు పైడిరాజు వెళ్ళాడు. కిందటేడు జాతరలో ఇతని భుజాల మీద నిలబడి ఆడుతున్న తోటి శిష్యుడు సింహాద్రి కిందపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆటకు ముందు పైడిరాజు గుట్టుగా మందు వేసుకున్న సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచీ మందు మానుతూనే ఉన్నాడు పాపం. పొద్దున మానేవాడు, సాయంత్రం ఆరయ్యేసరికి మందుకొట్టు ముందు తేలేవాడు. పరీక్షలు చూసిన డాక్టరమ్మ, ఇలాగే తాగితే లివరు దక్కదని, ఒక్కడివే మానడం ఇక చాలించి మానినవాళ్ళతో కలిసి కూర్చోమని గట్టిగా చెప్పింది. అలాంటివాళ్ళ మీటింగు ప్రతి ఆదివారం సాయంత్రం ఊరి బళ్ళోనే జరుగుతుంది. పైడిరాజు బాధంతా అక్కడే ఉంది.

"గురువుగారూ, మనూరి మీటింగుకెళ్తే నలుగురూ చూస్తారండి. నన్నెవరూ ఎరగని చోటికెళ్తే తప్పేటండి?" అని అడిగాడు.

గురువుగారు తప్పనలేదు, ఒప్పనలేదు. లోపల్నుంచి ఓ తప్పెట తెచ్చి అతని చేతిలో పెట్టారు. "సాలూరులో మధ్యాహ్నం ఉందట అలాంటి మీటింగు. ఎల్లిరా. పనిలో పని, దీని పట్టీ కుట్టించుకురా."

పట్టీ చూస్తే బాగానే ఉంది. ఆ మాట అనే ధైర్యం పైడిరాజుకు లేదు.

ఎవరూ గుర్తుపట్టకుండా తలకు తువ్వాలు చుట్టుకుని బస్సెక్కాడు గాని, తప్పెటను దాచడం ఎవరి తరం? సంచిలో దూరదు, చంకలో ఇమడదు. కండక్టరు మొదలుకుని పక్క సీటు ముసలమ్మ దాకా ఏ ఊళ్ళో ఆటని అడిగినవాళ్ళే. నోటికొచ్చిన ఊరల్లా చెప్పుకుంటూ సాలూరు చేరాడు. తీరా చూస్తే ఆదివారం కాబట్టి పట్టీలు కుట్టే కొట్టు మూసి ఉంది. చేసేది లేక తప్పెటతోనే మీటింగుకు వెళ్ళాడు.

మీటింగు ఓ కుట్టు శిక్షణ కేంద్రంలో. మిషన్ల మధ్యన కుర్చీలు వేసుకుని కొంతమంది కూర్చున్నారు. అక్కడి పెద్దాయన టీ ఇచ్చి, ఊరి పేరు వినగానే నవ్వాడు.

"మీ ఊళ్ళోనే ఉంది కదా బాబూ. ఎవరూ రావట్లేదని మూసేద్దామంటున్నారు. మీ ఊరోళ్ళు సాలూరొస్తారు, సాలూరోళ్ళు విజయనగరం పోతారు. బస్సులోళ్ళకి మంచి బేరం." తర్వాత గొంతు తగ్గించాడు. "సాయంత్రమైతే మాకందరికీ నాలిక లాగుతుంది. అప్పుడు ఒకరి తలుపు ఒకరం తడతాం. నీకు లాగితే మీ ఊళ్ళో ఎవరి తలుపు తడతావు?"

పైడిరాజు లెక్కేసుకున్నాడు. ఆరింటికల్లా ఊళ్ళో దిగుతాడు. మందుకొట్టు తీసే ఉంటుంది. తట్టడానికి ఒక్క తలుపూ గుర్తుకు రాలేదు.

అంతలో గుమ్మం దగ్గర రేకు చప్పుడైంది. ముఖాన సగం దాకా తువ్వాలు కప్పుకున్న మనిషొకడు, చేతిలో తప్పెట తలుపుకు కొట్టుకుంటుంటే లోపలికి వచ్చాడు. సింహాద్రి.

"నువ్వేటి ఇక్కడ?" అన్నాడు పైడిరాజు.

సింహాద్రి బిక్కచచ్చిపోయి గదంతా చూశాడు. కుట్టు మిషన్లు కనబడ్డాయి. "పట్టీ కుట్టించడానికి," అన్నాడు.

ముందు పెద్దాయన నవ్వాడు, ఆపైన గదంతా నవ్వింది. ఆఖరికి వాళ్ళిద్దరికీ కూడా నవ్వాగలేదు.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఉన్నట్టుండి సింహాద్రి అన్నాడు, "జాతరలో నీ తప్పేం లేదురా. నేను తాగి ఎక్కాను. అందుకే కాలు జారింది."

"నేనూ తాగే నిలబడ్డాను," అన్నాడు పైడిరాజు.

ఏడాదిగా ఎవరికి వాళ్ళు తమ వల్లే జరిగిందని కుమిలిపోతున్నారు. అంతకాలం తన భుజాల మీద నిలబడిన మనిషి గురించి తనకేమీ తెలియదని పైడిరాజుకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, అన్నిటికీ మించి ప్రాణం తేలికపడింది.

ఊళ్ళో దిగేసరికి ఆరైంది. రోడ్డుకు ఇటు బస్టాపు, అటు బడి. కొట్టు వైపు దారిలో ఇద్దరూ రెండడుగులు వేశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, బళ్ళోకి నడిచారు. గదిలో మీటింగు నడిపే మాస్టారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. వీళ్ళను చూడగానే ఆయన గబగబా లేచి, దులపక్కర్లేని కుర్చీలు కూడా దులిపారు.

ఇద్దరూ కూర్చున్నారు. కూర్చున్నాక పైడిరాజుకు రోడ్డు మీది జనం కనబడ్డారు. వాళ్ళకు తాను కనబడతానని గుర్తొచ్చి, లేచి తలుపు వెయ్యబోయాడు. గుమ్మంలో బంగారయ్య గురువుగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో ఏమో. ఆయన ఒక చేత్తో తలుపు పట్టుకుని ఆపారు.

"తీసే ఉంచరా. మీలాగ బస్సు కోసం నిలబడ్డోళ్ళకి కనబడాలి కదా."