తాబేలు రేవు మబ్బెక్కిన వైనం

కొండవాగు వెడల్పయి చెరువులా పరుచుకునే చోట ఒక రేవు ఉంది. దాని యజమానురాలు నిదానమ్మ అనే పెద్ద తాబేలు. ఆమె కింద పనిచేసే తాబేళ్ళు తెప్పలు లాగుతూ ఈ గట్టు జంతువుల్ని ఆ గట్టుకి చేరుస్తుంటాయి. ఎవరు ఏ తెప్పలో, ఏ పూట వెళ్ళాలో తేల్చేది మాత్రం పాకలోని కంప్యూటరు. చక్రం తిప్పి దానికి కరెంటు పుట్టించేదీ, అది వేడెక్కితే పాక చుట్టూ నీళ్ళు చల్లేదీ ఓబులేసు అనే గాడిద.

ఏడాదిలో చాలా రోజులు ఆ పెట్టెకి పెద్ద పనేమీ ఉండదు. ఎండలు ముదిరి ఇవతలి గడ్డి మాడిపోతే మాత్రం అడవంతా ఒక్కసారిగా అవతలికి బయల్దేరుతుంది. ఈసారి మేకలూ జింకలూ కలిసి బుకింగులకి ఎగబడేసరికి కంప్యూటరు కాసేపు మూలిగి ఆగిపోయింది. రెండు మందలు ఒకే తెప్ప ఎక్కాయి. తెప్ప ఒరిగి ఓ జింకపిల్ల నీళ్ళలో పడింది. నిదానమ్మే దూకి, దాన్ని వీపున ఎక్కించుకుని ఒడ్డుకి తెచ్చింది. పిల్ల బతికింది గానీ, తల్లిజింక మొహం చూడలేక ఆమె తల డిప్పలోకి లాక్కుంది.

"ఇంకో పెట్టె కొందాం అమ్మగారూ," అన్నాడు ఓబులేసు.

"ఈ నాలుగు రోజుల రద్దీ కోసమేనా? మిగతా ఏడాదంతా దానికీ నువ్వే చక్రం తిప్పాలి. నీకెక్కడిదిరా అంత ఓపిక?"

ఈ సంగతి గడుసయ్య అనే నక్క చెవిన పడింది. అతనికి కొండమీద గుహ నిండా కంప్యూటర్లున్నాయి. ఎవరి లెక్కలైనా వాటిలో పెట్టుకుని అద్దె పుచ్చుకుంటాడు. ఆ వ్యాపారానికి క్లౌడు అని పేరు.

"అక్కయ్యా, విన్నప్పట్నుంచీ మనసు మనసులో లేదు," అంటూ వచ్చాడు. "నా క్లౌడులోకి వచ్చెయ్యి. రద్దీ పెరిగితే పది పెట్టెలు నీకోసం లేస్తాయి. కరెంటుకి కొండమీద జలపాతముంది. నెలకో తట్ట చేపలిస్తే చాలు."

"క్లౌడంటే మబ్బేగా?" అన్నాడు ఓబులేసు అనుమానంగా. "వాన పడితే లెక్కలన్నీ కారిపోవూ?"

"పేరే మబ్బురా. ఉండేది రాతిగుహలో!"

నిదానమ్మ మెల్లగా అడిగింది. "రేవు ఖాళీగా ఉన్న నెలల్లో కూడా తట్టెడు చేపలేనా?"

"అది ప్యాకేజీ అక్కయ్యా."

"నచ్చకపోతే మా లెక్కలు మాకు తిరిగొస్తాయా?"

"నీ సరుకు నీదే కదా! అయినా అంత సుఖం వదిలి బయటికెందుకు వస్తావులే."

ఆ జవాబు ఆమెకి మింగుడుపడలేదు. ఆలోచించి చెబుతానని పంపేసింది. నక్క వెళ్ళాక ఓబులేసు చెవులు వేలాడేశాడు.

"నన్ను మాన్పిస్తారా అమ్మగారూ?"

"మాన్పించేదాన్నయితే నీ ఎదుట ఈ బేరమాడతానా? పద, చెవులయ్యని కలిసొద్దాం."

చెవులయ్య ఆకుకూరల కొట్టు నడిపే కుందేలు. అతని లెక్కలు ఎప్పట్నుంచో నక్క క్లౌడులోనే ఉన్నాయి.

"ఉన్నమాట చెప్పాలిగా అక్కా, సుఖంగానే ఉంది," అన్నాడతను. "పెట్టె పాడవుతుందన్న దిగుల్లేదు. ఎక్కడున్నా ఫోన్లో కొట్టు కనబడుతుంది. కానీ అద్దె పెంచుకుంటూ పోతున్నాడు. వెళ్ళిపోతానంటే, నీ లెక్కలు విడదియ్యడానికి ఓ వానాకాలం పడుతుంది, బండెడు దుంపలు కట్టు అంటాడు."

"నిజంగా అంత పని ఉందా?"

"ఏమో! ఆ గుహలోకి నన్ను రానిస్తేగా."

దారి పొడవునా నిదానమ్మ అదే ఆలోచించింది. సుఖమూ నిజమే, బందిఖానా కూడా నిజమే. జింకపిల్ల మునగడం తలుచుకుంటే మాత్రం పాత పెట్టెతో నెట్టుకురావడానికి మనసొప్పలేదు. మర్నాడే మేకల బుకింగులు మటుకు నక్క క్లౌడులో పెట్టించింది. కొన్నాళ్ళు చూసి, జంతువులన్నీ రేవులో చేరిన పూట అతన్ని పిలిపించింది.

"గడుసయ్యా, రేవు మొత్తం నీకిద్దామనే ఉంది. నాకు కాస్త చాదస్తం ఎక్కువ. ఆ మేకల లెక్కలు ఓసారి వెనక్కి తెప్పించి చూపించు. సాయంత్రంలోగా వస్తే మిగతాదంతా నీదే."

నక్క కళ్ళు మెరిశాయి. "సాయంత్రం దాకా ఎందుకు?" అని గుహకి ఫోన్ చేసి మీట నొక్కమన్నాడు. నిదానమ్మ నోట్లోని నాచు నమిలి మింగేలోగా లెక్కలు పాకలోకి వచ్చేశాయి.

"అన్నీ వచ్చాయి అమ్మగారూ!" అని లోపల్నుంచి ఓండ్రపెట్టాడు ఓబులేసు.

"ఇవంటే కొన్నాళ్ళవే," అంది నిదానమ్మ నసుగుతూ. "ఏళ్ళ తరబడి లెక్కలైతే?"

"ఎన్నేళ్ళవైనా అదే మీట! నొక్కితే వచ్చి పడతాయి," అని రొమ్ము విరుచుకున్నాడు నక్క.

చెవులయ్య ఒక్క గెంతులో ముందుకొచ్చాడు. "మరి నావాటికి వానాకాలమంతా పడుతుందన్నావే?"

"మాకూ అదే చెప్పాడు!" అని ఉడుతలు అరిచాయి. పందులు గుర్రుమన్నాయి. నక్క తోక కాళ్ళ మధ్యకి చేరింది.

"అరవకండర్రా," అంది నిదానమ్మ. "గడుసయ్యా, నీ గుహ మంచిదే. రద్దీ రోజుల్లో నాకు దాని అవసరముంది. వాడుకున్నంతకే అద్దె తీసుకో. ఎవరడిగినా ఆ పూటే లెక్కలు తిరిగివ్వు. నకలొకటి నా పాకలోనే ఉంటుంది."

"ఒప్పుకోకపోతే?"

"వీళ్ళంతా ఇప్పుడే మీట నొక్కి తమ లెక్కలు ఇచ్చెయ్యమంటారు."

నక్క చుట్టూ చూశాడు. "సరే అక్కయ్యా," అన్నాడు నీరసంగా.

తొలకరి గాలివానకి కొండమీద తీగలు తెగి క్లౌడు అందకుండా పోయింది. ఓబులేసు చక్రం తిప్పి, పాకలోని నకలుతో రేవు నడిపించాడు. తీగలు అతికాక, రోజులో కాసేపు నకలు చూసుకుని, మిగతా పొద్దంతా గట్టున నిలబడి మందల్ని వరసలో ఎక్కించసాగాడు. ఆ పనిలో అతని గొంతుకి మంచి పేరొచ్చింది. మళ్ళీ ఎండలు ముదిరినప్పుడు అడవంతా కదిలొచ్చినా ఒక్క తెప్ప కూడా బరువెక్కి ఒరగలేదు.

గడుసయ్యకి ఇప్పుడు కొత్త బేరం దొరికిన ప్రతిసారీ ముందు ఆ మీట చూపించక తప్పడం లేదు. చూపించకపోతే ఎవరూ గుహ మెట్టెక్కరు మరి.

సుఖమూ ఖర్చూ తూచేటప్పుడు, తిరిగొచ్చే దారిని కూడా తూకంలో వేసుకున్నవాళ్ళు మోసపోరు.