దివాను గారి గంగాళం వంట

రండమ్మా, రండయ్యా, దగ్గరగా జరిగి కూర్చోండి. అన్నపూర్ణమ్మకి ఓ దణ్ణం పెట్టుకుని వినండి.

అనగనగా ఓ సంస్థానం. అక్కడి రాజుగారికి కొయ్య చెక్కడం నేర్చుకోవాలని సరదా పుట్టింది. "ప్రభువులకి చిన్న యంత్రమేమిటి? నాలుగెద్దులు తిప్పే చెక్కుడు యంత్రం తెప్పిద్దాం" అన్నాడు దివాను. అది పట్టాలంటే కోటగోడని ఆనుకున్న వంటలక్క పేరమ్మ ఇల్లు కూల్చాలి.

గునపాలతో మనుషులొచ్చారు. వెనకే రాజుగారూ, దివానూ వచ్చారు. పేరమ్మ మొహాన నవ్వు చెదరనీకుండా, "అలాగే కూల్చండి బాబూ. కాకపోతే ముందుగా, కూల్చమన్నవారే ఆ ఇంటి పొయ్యి మీద అన్నం వండి అమ్మవారికి పెట్టాలి. మా ఆనవాయితీ" అంది.

రాజుగారు భక్తులు. "కానివ్వండి దివాను గారూ" అన్నారు.

పేరమ్మ పెళ్ళిళ్ళ గంగాళం పొయ్యికెక్కించి, దివాను చేతిలో గుప్పెడు బియ్యం పోసింది. ఆయన మెతుకులు వెతుక్కుంటూ గంగాళంలోకి తల దూర్చేసరికి అన్నం మాడింది, మీసం కమిలింది.

"ఇదేం చోద్యమే పేరమ్మా! ఇవాళే గరిటె పట్టినవాడికి ఇంత గంగాళమా? ఓ చిన్న గిన్నె ఇవ్వకూడదూ?" అని అరిచాడు దివాను.

పేరమ్మ రాజుగారి వైపు తిరిగింది. "తమరు మొదట ఏం చెక్కుతారు ప్రభూ?"

"మా మనవరాలికి బొంగరం" అంటూనే రాజుగారు పకపకా నవ్వారు. "దివాను గారూ, నాకూ చిన్న గిన్నెలాంటిదే చూడండి. కాలితో తొక్కే యంత్రం, మా వసారాలో పట్టేది!"

"తమ పనితనం ఆ చిన్న యంత్రాన్ని మించిననాడు మా ఇంటికి గునపం నేనే తెస్తాను బాబూ" అంది పేరమ్మ, చిన్న గిన్నెలో అమ్మవారికి అన్నం వండుతూ.

తల్లులారా, తండ్రులారా! కొత్త సరదాతో పెద్ద యంత్రం కొనబోయేవాళ్ళు ఎదురైతే, పేరమ్మలాగే "మొదట ఏం చేస్తావు నాయనా?" అని అడగండి. ఆ ఒక్కటీ మరవకండి.