పడినది: ఒక ముంత

ఒకానొక రాజ్యంలో, పేరెందుకు గానీ, నేల అప్పుడప్పుడు అదురుతూ ఉండేది. కొండల పాదాన ఉన్న రాజ్యం. కొండలు సర్దుకుని కూర్చున్నప్పుడల్లా కిందివాళ్ల గిన్నెలు మోగేవి. అందుకని అక్కడి కోటలో ఇంకెక్కడా లేని కొలువు ఒకటుండేది: అదురు కొలగాడు.

ఆ కొలువులో ఉన్నవాడు బూచన్న. కుమ్మరుల బిడ్డ. బడి ముఖం చూసినవాడు కాడు, వచ్చిన నాలుగక్షరాలూ తాత దగ్గర నేర్చుకున్నవే. చిన్నప్పుడు కుండ పగిలితే మా అయ్య వీపు వాయగొట్టేవాడు, ఇప్పుడు అదే కుండ పగిలితే కోటవాళ్లు గింజలు కొలుస్తున్నారు, నా తెలివి పెరిగింది లేదు గానీ కుండకు రోజులు బాగున్నాయి అని తన గురించి తానే చెప్పుకునేవాడు.

పడమటి కోటగోడ నీడలో అతని పాక. పాకలో ఒక అరుగు. అరుగు మీద అంచుదాకా నీళ్లు పోసిన ఇత్తడి పళ్లెం, దాని పక్కన అడుగున పెద్ద బాన మొదలు కొసన చిన్న ముంత దాకా పేర్చిన కుండల దొంతి, ఒక పిల్లి. పిల్లికి కొలువేమీ లేదు. ఊరికే ఉండేది.

కొలత బూచన్న తాత పెట్టింది. ఆయన నేల చదును చేసే దిమ్మిస తెప్పించి, ఒక మనిషి చేత పాక బయట వేయించాడు. పళ్లెంలో నీళ్లు వణికాయి. అది ఒకటో మెట్టు. పదిమంది ఒక్కసారిగా వేస్తే ముంత గలగలలాడింది. రెండో మెట్టు. నూరుమంది వేస్తే ముంత పడింది. మూడు. వెయ్యిమందిని ఇప్పించమంటే, మరి పొలాలెవరు దున్నుతారని అప్పటి రాజుగారు కసిరారు. అందుచేత ఆపై మెట్లకు తాత కూర్చుని పదేసి రెట్ల చొప్పున లెక్క కట్టుకున్నాడు. అదురు వచ్చిన ప్రతిసారీ ఏం కూలిందో తిరిగి చూసి సరిచూసుకున్నాడు. నాలుగుకు దొంతి మొత్తం పడుతుంది. ఐదుకు మట్టిగోడలు బీటలు వారతాయి. ఆరుకు మట్టి ఇళ్లు కూలతాయి. ఏడుకు కోటగోడ. ఎనిమిది దగ్గర తాత ఏమీ రాయలేదు, రాయడానికి మనిషి మిగలడని.

పుస్తకంలో ఎక్కించే పద్ధతీ ఆయనదే. మెట్టు ఎంత, కారణం ఏమిటి, పడినది ఏమిటి. మూడూ ఉంటేనే రాత చెల్లుతుంది. ముంత ఎందుకు పడినా సరే, పడితే రాసి తీరాలి. కారణం దగ్గర మూడు తరాలుగా "తెలియదు" అనే రాస్తూ వచ్చారు. ఐదు అని చాటింపు పడితే చాలు, వెనకాల ఇంకొకటి వస్తుందని జనం ఇళ్లు వదిలి బయట పడేవారు. అలా బతికి బయటపడ్డ కుటుంబాలు ఆ ఊళ్లో చాలానే ఉన్నాయి.

రాజు ఉగ్రసింగ భూపతి. ఆయన అడుగు వేస్తే భూమి కంపిస్తుందని కైవారం చేసేవాళ్లు రోజూ పొద్దున్నే పాడేవారు. రోజూ వినడం వల్ల అది పొగడ్త అన్న సంగతి ఆయన మరిచిపోయాడు.

ఒకనాడు ఆయన ఒక కుందేలును వేటాడి ఊరేగింపుగా తిరిగివచ్చి, ఏనుగు దిగి, కుడికాలు నేల మీద మోపాడు. సరిగ్గా అప్పుడే నేల అదిరింది. పాకలో ముంత పడింది. పిల్లి ఒక కన్ను తెరిచింది.

రాజు తన కాలివంక చాలాసేపు చూసుకున్నాడు. ఆస్థాన పండితుడు శంభుదీక్షితులు అక్కడికక్కడే "ధరణీకంపన" అని బిరుదు కట్టాడు. పౌర్ణమికి శాసనం నిలపాలని, పొరుగు రాజును పిలిచి చూపించాలని నిశ్చయం జరిగిపోయింది. శాసనంలో అంకె వేయాలి గనక బూచన్నను పిలిపించారు.

"ఎంత?" అన్నాడు రాజు.

"మూడు, మహాప్రభూ. ముంత పడింది."

"పొరుగువాడు తన దండు నడిచినప్పటి అదురని శాసనంలో ఆరు వేయించుకున్నాడు. మాది ఏడు రాయి. మూడుకూ ఏడుకూ నాలుగేగా తేడా. నాలుగు దగ్గర నీకింత పిసినారితనం దేనికిరా?"

బూచన్న చేతులు కట్టుకుని, తనకు లెక్కలు పదిదాకా వేళ్ల మీద, ఆపైన కుండల మీద తప్ప రావని ముందుగానే ఒప్పుకుని, విన్నవించుకున్నాడు. మూడంటే నూరు దిమ్మిసలు. ఏడంటే పది లక్షల దిమ్మిసలు. రాజ్యంలో చంటిబిడ్డలను కలుపుకున్నా రెండు లక్షల మంది. ప్రభువుల పాదానికి ప్రజల తలలు లెక్కపెట్టడం ఏమిటని దీక్షితులు అడ్డు తగిలాడు. రాజు ఆఖరు మాట చెప్పాడు. మర్నాటి పొద్దుకు ఏడు రాయకపోతే కొలువూ, పాకా, పుస్తకమూ దీక్షితులకు అప్పగించి బూచన్న ఊరు విడవాలి.

అన్నం పెడుతూ పెళ్లాం గవరమ్మ, "రాసి పారెయ్యరాదూ, అంకెకేమన్నా తిండి పెట్టాలా?" అంది.

"ముంత పడ్డదాన్ని ఇవాళ ఏడంటే, రేపు నిజంగా ఐదు వచ్చిననాడు నా చాటింపు విని ఎవరు లేస్తారే?"

గవరమ్మ ఆలోచించి, మజ్జిగ పోసింది. ఊరు విడవాలంటే బాన ఎలా మోసుకుపోవాలి అని మాత్రం అడిగింది.

బూచన్న చేయి కడుక్కుని, "ఏడే రాద్దాం. కాకపోతే పద్ధతి ప్రకారం కారణం, పడినది కూడా రాద్దాం" అన్నాడు.

తెల్లవారేసరికి పడమటి గోడ దగ్గర గునపాల చప్పుడు. రాజు దీక్షితులను వెంటబెట్టుకుని దిగివచ్చి చూస్తే, ఇరవైమంది రాతిపనివాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. బూచన్న గోడమీద సున్నంతో గుర్తులు పెడుతున్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

"ఆజ్ఞ ప్రకారం చిత్తుగా ఏడు రాసుకున్నాను, మహాప్రభూ. కారణం, ఏలినవారి కుడిపాదం అనీ రాసుకున్నాను. పడినది దగ్గర ఆగిపోయాను. ఏడుకు కోటగోడ పడాలి. చూస్తే ఇది నిలబడే ఉంది. గోడకు తమ కాలి సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు. పౌర్ణమికి పొరుగు రాజుగారు వచ్చి శాసనం చదివి, గోడవంక చూస్తారు గదా. ఈలోగా కూల్చేస్తే రాత సరిపోతుంది. ఇటునుంచి మొదలెట్టమంటారా, తమ పడకటింటి వైపునుంచా?"

రాజు గోడను చూశాడు. గోడ లేని కోటలోకి పొరుగు రాజును తానే పిలిచినట్టు ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. గునపాలు దించమని సైగ చేశాడు.

దీక్షితులు వెంటనే ముందుకొచ్చాడు. "ప్రభూ, గోడనెందుకు కదపడం? కొలతనే సవరిస్తే సరి. ఇకమీదట ముంత పడటాన్నే ఏడు అనండి."

రాజు ముఖం విప్పారింది. బూచన్న కూడా దీక్షితులకు దండం పెట్టి, చదువుకున్నవారు చదువుకున్నవారే, తనకది తట్టనే లేదన్నాడు. ఇద్దరినీ పాకలోకి తీసుకువెళ్లి, పుస్తకం తెరిచాడు.

"ఒక్కటే చిక్కు, మహాప్రభూ. ముంత పడితే ఏడైనప్పుడు, ఇదివరకు ముంత పడ్డవన్నీ ఏడులే. కిందటి నెల తదియనాడు కూడా పడింది. మా వంశంలో మొదటిసారి కారణం కూడా తెలిసింది."

"ఎవరు?"

బూచన్న అరుగువైపు చూపించాడు. పిల్లి కాలు నాక్కుంటోంది.

"తమకంటే ఇరవై రోజులు ముందు. బిరుదు ముందు దానికిచ్చి, పిదప తమకిస్తే వరస తప్పదు. దీక్షితులుగారూ, శాసనం రాయి రెండు పేర్లకు సరిపోతుందా?"

దీక్షితులు పాక కప్పులో తాటాకులు ఎన్ని ఉన్నాయో చూస్తున్నాడు.

రాజు పిల్లిని చూశాడు. పిల్లి రాజును చూసి, చూడవలసినంత లేదన్నట్టు మళ్లీ కాలి పనిలో పడింది. రాజు మీసం మొదట ఒక పక్కన కదిలింది, తర్వాత రెండో పక్కన. ఆపైన ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, నిలబడలేక కుడికాలు నేలకేసి దబదబా కొట్టాడు.

పళ్లెంలో నీళ్లు వణికాయి.

బూచన్న నీళ్లు కుదురుకునేదాకా ఆగి, చిత్తులో ఏడు కొట్టేశాడు. నిన్నటిది మూడని, కారణం తెలియదని, పడినది ఒక ముంతని పుస్తకంలో ఎక్కించాడు. దాని కింద ఇంకొకటి రాశాడు. రాజు కళ్లు తుడుచుకుంటూ వంగి చదివాడు.

మెట్టు: ఒకటి. కారణం: ప్రభువుల కుడిపాదం. పడినది: ఏమీ లేదు.

"అయితే మా కాలికి నేల కదిలిన మాట నిజమేనన్నమాట."

"కళ్లారా చూశాను, మహాప్రభూ. మూడు తరాల్లో మనిషి పేరున పడ్డ రాత ఇదొక్కటే."

రాజు మళ్లీ నవ్వాడు. శాసనం మీద ఆ ఒకటినే చెక్కించమన్నాడు. పాకను బూచన్న వంశానికి శాశ్వతంగా రాసిచ్చి, తన చేతి కడియం తీసి అతనికి తొడిగి, ఇంకేం కావాలో అడిగాడు. బూచన్న ఒక ముంత ఇప్పించమన్నాడు.

ఆ వానాకాలం నిజంగానే ఐదు వచ్చింది. చాటింపు పడగానే ఊరంతా మారుమాట లేకుండా ఇళ్లు వదిలి మైదానంలోకి వచ్చింది. అందరికంటే ముందు వచ్చినవాడు ఉగ్రసింగ భూపతి. ఆయన చంకలో పిల్లి ఉంది.