పొగగొట్టం లేని పరిశోధనాలయం

పొరుగు రాజు తన విద్యాపీఠంలో కొత్త పరిశోధనాలయం కట్టించాడని వినగానే, కోనమేడు ప్రభువు మల్లదేవరాజుకు అన్నం సయించలేదు. అంటే, మూడోసారి వడ్డించుకున్నది సయించలేదు.

"మనమూ కట్టాలి! దానికంటే పెద్దది!" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

"అందులో ఏం పరిశోధిస్తారు ప్రభూ?" అన్నాడు మంత్రి.

"అది తర్వాత పరిశోధిద్దాం. ముందు కట్టండి!"

పని ఆస్థాన స్థపతి గంభీరయ్యకు దక్కింది. గంభీరయ్యకు తన పనితనం మీద ఎంత గౌరవమంటే, అద్దం కనబడితే చాలు, చేతులు జోడిస్తాడు. ఏడాది తిరిగేసరికి భవనం లేచింది. బంగారు పూత శిఖరం, ఏనుగుల స్తంభాలు, లోపల నాలుగు గోడల నిండా రాజుగారి వేట బొమ్మలు. నిజం వేటలో కుందేలు కూడా దొరకని ప్రభువు, గోడ మీద మాత్రం పదకొండు పులుల్ని చంపాడు.

రాజు మురిసిపోయి దండోరా వేయించాడు.

"ఈ భవనానికి వంక పెట్టినవాళ్లు ఎవరైనా సరే, ఆ రోజే రాజ్యం విడిచిపోవాలి!"

ఆ సాయంత్రమే విద్యాపీఠంలో రసాయనాలు బోధించే అక్కమాంబ, కొలువులో రాజుగారిని నవ్వించే ఉద్యోగం చేస్తున్న చెంచన్న ఇంటికి వచ్చింది.

"చెంచన్నా, ఎల్లుండి నుంచి నా శిష్యులు నలభై మంది ఆ భవనంలో మందులు కాచాలి, లోహాలు కరిగించాలి. పొయ్యిలు ఆరున్నాయి. పొగగొట్టం ఒక్కటీ లేదు. కిటికీ అసలే లేదు!"

"స్థపతిగారికి చెప్పలేదా అక్కగారూ?"

"పునాదులప్పుడే చెప్పాను. పొగగొట్టాలు పెడితే ఇటుకల బట్టీలా ఉంటుందన్నాడు. కిటికీ పెడితే బొమ్మలో ప్రభువుల బొజ్జకు కన్నం పడుతుందన్నాడు. ఇప్పుడేమో ఈ దండోరా! నోరు తెరిస్తే నేను ఊరు దాటాలి. మూసుకుంటే పిల్లలకు ఊపిరాడదు."

చెంచన్న కాసేపు తల గోక్కున్నాడు.

"మీరు నోరెత్తకండి. నేనూ ఎత్తను. ఎత్తాల్సినవాళ్లు వేరే ఉన్నారు."

మర్నాడు కొలువులో చెంచన్న భవనాన్ని పొగిడి పొగిడి గొంతు పోగొట్టుకున్నాడు. చివర్లో నిట్టూర్చాడు.

"అన్నీ ఉన్నాయి. ఒక్కటే మరిచాం ప్రభూ."

"వంక పెడుతున్నాడు! వంక పెడుతున్నాడు!" అని గంతేశాడు గంభీరయ్య.

"భవనానికి కాదండీ, నా మతిమరుపుకి. పూరిపాక వేసుకున్నవాడు కూడా పాలు పొంగించందే కాపురం పెట్టడు కదా. ఇంత గొప్ప భవనంలో పాలు పొంగించకపోతే ఎలా?"

"నిజమే సుమీ! రేపే పొంగిద్దాం," అన్నాడు రాజు. "ఎవరి చేత?"

"ఇంకెవరు ప్రభూ? కట్టిన హస్తవాసి ఉండగా! గంభీరయ్యగారు ఒక పొయ్యి మీద పొంగిస్తే చాలు."

"ఒకటేమిటి? ఆరూ వెలిగిస్తాను!" అని గంభీరయ్య మీసం దువ్వాడు.

మర్నాడు పొద్దున్నే రాజు, గంభీరయ్య, అక్కమాంబ, చెంచన్న లోపలికి వెళ్లారు. పిడకలు తెప్పించింది చెంచన్నే. కాస్త తడిగా ఉన్నాయి. వానాకాలం మరి, చెంచన్న ఏం చేస్తాడు పాపం!

"తలుపులు మూయండర్రా!" అని బయట భటులకు కేకేశాడు గంభీరయ్య. "దుమ్ము లేచి ప్రభువుల బొమ్మల మీద పడుతుంది."

తలుపులు పడ్డాయి. ఆరు పొయ్యిలూ రాజుకున్నాయి. మంట కంటే పొగకే తొందర ఎక్కువగా ఉంది. అది శిఖరం దాకా లేచింది, దారి వెతికింది, దొరక్క కిందికి దిగింది. అప్పటికే అక్కమాంబ, చెంచన్న ముక్కులకు తడిబట్ట కట్టుకుని నేల మీద చతికిలబడ్డారు.

"ఏమిటిది గంభీరయ్యా?" అని దగ్గాడు రాజు.

"హోమధూమం... ఖళ్... పవిత్రం ప్రభూ... ఖళ్ ఖళ్!"

"పాలు పొంగాయా?"

"గిన్నెలు కనబడితే కదా ప్రభూ!"

"ఆహా!" అన్నాడు చెంచన్న నేల మీద నుంచి. "మబ్బుల్లో విహరిస్తున్నట్టుంది! ఇంద్రుడికి కూడా ఇలాంటి భవనం లేదు!"

రాజు కళ్ల నీళ్లతో తడుముకుంటూ వెళ్లి ఏనుగు స్తంభాన్ని కౌగిలించుకున్నాడు. గంభీరయ్య తలుపనుకుని పులి బొమ్మను బాదాడు. అది తెరుచుకోలేదు. దాంతో ఆయన గాంభీర్యం కాస్తా సడలింది.

"తలుపు తీయండ్రోయ్! చస్తున్నాను! పొగ పోయే దారి లేదు, గాలొచ్చే కన్నం లేదు! ఏ బుద్ధిలేనివాడు కట్టాడ్రా దీన్ని!"

తలుపులు తెరుచుకున్నాయి. నలుగురూ బయటపడ్డారు. మసి పట్టిన ముఖాల్లో రాజెవరో పోల్చుకోలేక భటులు నలుగురికీ దండాలు పెట్టారు.

చెంచన్న వినయంగా వంగాడు.

"ప్రభూ, దండోరా ప్రకారం ఒకరు రాజ్యం విడిచిపోవాలి. ఎవరో నేను చెప్పను. వంకలు పెట్టడం నాకు అలవాటు లేదు."

రాజు గంభీరయ్య వైపు చూశాడు. గంభీరయ్య నేల వైపు చూశాడు. నవ్వు, దగ్గు రెండూ కలిసి వచ్చేసరికి రాజు మెట్ల మీద కూలబడ్డాడు.

"ఏం స్థపతీ, పొరుగు రాజ్యానికేనా ప్రయాణం?"

చెంచన్నే అడ్డుపడ్డాడు.

"వద్దు ప్రభూ! ఈయన వెళ్లి అక్కడొకటి కట్టాడంటే, మనం యుద్ధం ప్రకటించామనుకుంటారు."

ఈసారి భటులు కూడా ఆపుకోలేకపోయారు. గంభీరయ్య సైతం మసి మీసాల చాటున నవ్వేశాడు.

"దండోరా రద్దు!" అన్నాడు రాజు. "ఆరు పొగగొట్టాలు, పన్నెండు కిటికీలు. ఎక్కడ పెట్టాలో అక్కమాంబగారు చెబుతారు, నువ్వు పెడతావు. అవి పూర్తయ్యేదాకా ఆ పిల్లల్లో ఒక్కరు కూడా లోపల పొయ్యి వెలిగించడానికి వీల్లేదు. చెంచన్నా, నీకేం కావాలో కోరుకో!"

"ముందు ముఖం కడుక్కోవడానికి చెంబెడు నీళ్లు ప్రభూ. ఆ తర్వాత తమ దయ. ఎంత బరువైనా మోస్తాను."

రాజు పకపకా నవ్వుతూ మెడలోని ముత్యాలహారం తీసి చెంచన్న మెడలో వేశాడు.