పట్టు బేళ్ల మీద బడి

వెనకటికి ఒక సంస్థానంలో అల్లరిమూకలు కర్రలతో వచ్చి పిల్లల బడి మీద పడుతుండేవి. దివానుగారు బడి కాపలాను షావుకారు గుర్నాథానికి గుత్తకిచ్చారు. ఆయన గుత్త సొమ్ము పుచ్చుకుని, దాంతో పెట్టుకున్న వస్తాదులందరినీ తన పట్టు గోదాము ముందే నిలబెట్టుకున్నాడు.

ఒకరోజు బుట్టలల్లే గవరమ్మ కూతురు బడి నుంచి నుదుటి మీద గాయంతో ఇంటికొచ్చింది. గవరమ్మ కట్టు కట్టి, తిన్నగా దివాణానికి వెళ్లి మొర పెట్టుకుంది.

దివానుగారు పిలిపిస్తే గుర్నాథం వచ్చి మీసం దువ్వాడు. "నా వస్తాదులున్నచోట ఈగ కూడా వాలదండీ," అన్నాడు.

"నిజమే బాబూ, గోదాము దగ్గర నేనూ చూశాను," అంది గవరమ్మ దివానుగారితో. "అందుకే వాళ్లను కదపొద్దు. బడినే వాళ్ల దగ్గరికి పంపించండి."

దివానుగారు నవ్వాపుకుని సరేనన్నారు.

మర్నాడు డెబ్బైమంది పిల్లలు పట్టు బేళ్లెక్కి కూర్చుని ఎక్కాలు అందుకున్నారు. సిరా చేతులు పట్టుబట్టకే తుడుచుకున్నారు. బేరానికొచ్చినవాళ్లు చెవులు మూసుకుని వెనక్కి పోయారు.

మూడోనాడు గుర్నాథమే గవరమ్మ గుమ్మంలోకి వచ్చాడు. "వస్తాదులందరినీ బడికే పంపేశానమ్మా. ఇక పిల్లల్ని తీసుకుపొండి."

"అలాగే షావుకారుగారూ. వారం రోజులు బడి దగ్గర ఏ గొడవా లేకపోతే తీసుకుపోతాం," అంది గవరమ్మ, అల్లుతున్న బుట్ట ఆపకుండానే.

ఆ వారమంతా గుర్నాథం తానే కర్ర పట్టుకుని ఖాళీ బడి చుట్టూ తిరిగాడు.