పేరయ్య నలభై రోజులు

నమ్మనివాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోండి. కూర్చున్నవాళ్ళు చివరిదాకా వినండి. మధ్యలో "నిజమా తాతా?" అని అడిగారంటే నాకు ఆయాసం వస్తుంది. డెబ్బై ఒక్కేళ్ళు నాకు. అబద్ధం చెప్పడానికైనా ఓపిక ఉండాలి కదా, ఈ మధ్య అదీ తగ్గింది.

మా మిర్చి యార్డులో పేరయ్య అనే హమాలీ ఉండేవాడు, ఒకరి చేతిసాయం తీసుకోవడమంటే వాడికి చచ్చేంత నామోషీ. ఆ పేరయ్యని నేనే.

నా బలం గురించి మీరు వినే ఉంటారు. వినకపోతే అది మీ తప్పు. మిరపకాయలు కుక్కి కుట్టిన గోతాన్ని మేం టిక్కీ అంటాం. అలాంటి టిక్కీలు ఏడు ఒకేసారి వీపున పెట్టుకుని, వాటి మీద దళారీని కూర్చోబెట్టుకుని లారీ ఎక్కాను. లారీ ఒరిగింది, నేను ఒరగలేదు. ఒకసారి నేను తుమ్మితే మూడో షెడ్డు రేకులు లేచి వెళ్ళి నాలుగో షెడ్డు మీద పడ్డాయి. తాగడంలోనూ అంతే. సాయంత్రం ఐదింటికి నేను గేటు దాటుతుంటే మందు షాపువాడు లేచి నిలబడేవాడు. ఇది మాత్రం కల్పించింది కాదు. ఇరవై ఏళ్ళుగా దాదాపు రోజూ వచ్చే మనిషికి ఆ మాత్రం మర్యాద ఉంటుంది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఎంత మొనగాడైనా బస్తాని తన వీపుకి తాను ఎత్తుకోడు. ఇద్దరు ఎత్తాలి, ఒకడు మొయ్యాలి. ఎత్తినవాళ్ళు బస్తాని వీపుకి ఆనించి, చేతులు తియ్యకుండా, "వదలనా?" అని అడుగుతారు. మోసేవాడు కాళ్ళు కుదుర్చుకుని "వదులు" అన్నాకే చేతులు తీస్తారు. ఆ మాట వినపడేదాకా వాన పడ్డా పిడుగు పడ్డా వదలకూడదు. నేను మాత్రం వాళ్ళు అడగకముందే "వదులు, వదులు" అని అరిచేవాణ్ణి. నా బస్తా మీద ఇంకొకడి చెయ్యి ఒక్క క్షణం ఎక్కువ ఉంటే నాకు ఒళ్ళు మండేది.

ఒక ఏప్రిల్ నెలలో, సాయంత్రం దాకా ఆగలేక, మధ్యాహ్నమే తాగి పనిలోకి దిగాను. ఆ రోజు నాకు బస్తా ఎత్తినవాళ్ళలో ఒకడు మీరావలి. నాకంటే పదేళ్ళు చిన్న. నెమ్మదైన మనిషి.

"వదలనా పేరన్నా?" అన్నాడు.

"వదలరా!"

"అన్నా, నీ కాళ్ళు ఊగుతున్నాయి."

"నా కాళ్ళు కాదు, భూమి ఊగుతోంది. వదులంటుంటే!"

వదిలాడు. నేను బస్తాతో సహా పక్కకి ఒరిగి వాడి పాదం మీద పడ్డాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆ చప్పుడు గురించి నేను పెంచీ చెప్పను, తగ్గించీ చెప్పను.

మా ముఠా మేస్త్రి బ్రహ్మయ్య గట్టిగా అరిచే మనిషి. ఆ రోజు అరవలేదు. అందుకే భయం వేసింది.

"ఇంకొక్కసారి నీ దగ్గర వాసన వచ్చిందా, నీ బిళ్ళ తీసేసుకుంటాను పేరయ్యా. ఆ తర్వాత ఈ గేటు లోపల మిరపకాయ కాదు కదా, దాని తొడిమ కూడా ముట్టుకోలేవు."

బిళ్ళ అంటే యార్డులో బస్తా మొయ్యడానికి హమాలీకి ఇచ్చే ఇత్తడి గుర్తు. అది చొక్కాకి లేకపోతే లోపలికి రానివ్వరు. నాకు మొయ్యడం తప్ప ఇంకో పని రాదు. బిళ్ళ పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

తాగుడు మానమని అంతకుముందూ చెప్పారు. మాల వేసుకోమన్నారు, వేసుకున్నాను. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. మాల తీసిన సాయంత్రమే నలభై ఒక్క రోజులదీ కలిపి తాగాను. దర్గాలో తాయెత్తు కట్టించుకున్నాను. ఉపవాస ప్రార్థనకి వెళ్ళాను. ఒట్లు వెయ్యడంలో మన జిల్లాలో నాకు సాటి ఎవరూ లేరు. ఇంతమంది దేవుళ్ళకి మాటిచ్చి తప్పాక ఇంక ఏ దేవుడి ముందు నిలబడాలన్నా ముఖం చెల్లలేదు. తప్పు వాళ్ళది కాదు పాపం. నాకే ఓపిక అయిపోయింది.

రెండో రోజు మీరావలిని చూడటానికి వెళ్ళాను. పాదానికి సిమెంటు కట్టు వేసుకుని మంచం మీద ఉన్నాడు. ఏం మాట్లాడాలో తెలియక, "నువ్వు అదృష్టవంతుడివిరా, నీకు తాగుడు అలవాటు లేదు" అన్నాను.

"లేదని ఎవరు చెప్పారన్నా? నాలుగేళ్ళ నుంచి తాగట్లేదు, అంతే."

"మీ మతంలో తాగకూడదుగా?"

"కూడదు. అయినా తాగాను. మానింది మాత్రం గ్రంథాలయం వెనక గదిలో."

"పుస్తకాలు చదివి మానేశావా?"

"చదవడం నాకెక్కడ వచ్చు! కుర్చీలో కూర్చుని మానేశాను. ఈ ఆదివారం నువ్వూ వెళ్ళు. నేను పంపానని చెప్పు."

వెళ్ళాను. పాత పేపర్ల కట్టలు, ఒక బల్ల, ఎనిమిది కుర్చీలు, మంచినీళ్ళ కుండ. రూతమ్మ అని ఒక రిటైరైన నర్సు ఆ గది నడిపేది. బుధవారం, ఆదివారం సాయంత్రం ఆరింటికి తాగుడు మానాలనుకున్నవాళ్ళు అక్కడ కూర్చునేవాళ్ళు.

"ఇక్కడ దండాలు లేవు, ఒట్లు లేవు నాయనా" అంది రూతమ్మ. "దేవుడు ఉన్నవాళ్ళు వస్తారు, లేనివాళ్ళూ వస్తారు. ఈ గదిలో మాత్రం మనుషులమే. పేరు చెప్పు, తాగి ఎన్ని రోజులైందో చెప్పు, ఇవాళ మనసెలా ఉందో చెప్పు. అంతే."

అప్పటికి నాకు నాలుగు రోజులు. నా ముందు కూర్చున్న టైలరు "పన్నెండు రోజులు, రాత్రిళ్ళు నిద్ర లేదు" అన్నాడు. ఆ పక్కన గ్రంథాలయం గుమాస్తా సీతాపతి, ఈనెపుల్లలా ఉండే మనిషి, "రెండేళ్ళు దాటింది, మా ఆవిడతో పోట్లాడి వచ్చాను" అన్నాడు. ఈనెపుల్లకి రెండేళ్ళా! ఏడు టిక్కీలు మోసిన పేరయ్యకి నాలుగు రోజులా! నా నోరు ఆగలేదు.

"పేరయ్య. నలభై రోజులు!" అన్నాను.

"మనసు?"

"సింహంలా ఉంది!"

రూతమ్మ నా చేతుల వంక చూసింది. ఆ గదిలో ఒక ఏర్పాటు ఉంది. ముప్పై రోజులు దాటనివాళ్ళకి పాతవాళ్ళని ఇద్దరిని జత చేస్తారు. మనసు ఆగనప్పుడు వాళ్ళకి ఫోన్ చెయ్యొచ్చు, ఇంటికి వెళ్ళి తలుపు కొట్టొచ్చు. ముప్పై దాటినవాళ్ళకి జత ఉండదు.

"నీకూ ఎవరైనా కావాలా పేరయ్యా?" అని అడిగింది.

"నాకా!" అని నవ్వాను.

టైలరుకి ఇద్దరు మనుషులు దొరికారు. నాకు చప్పట్లు దొరికాయి.

తాగుడు మానేస్తే ఒళ్ళు తేలికవుతుందని ఎవడో అన్నాడు. వాడెవడో నాకు చూపించండి. ఇరవై ఏళ్ళుగా మందులో నానబెట్టిన కోపాలూ దిగుళ్ళూ అన్నీ ఒకేసారి ఆరి గట్టిపడ్డాయి. కూరలో ఉప్పు తక్కువైందని మా ఆవిడ సామ్రాజ్యం మీద అరిచాను. మరుక్షణం ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంటుంటే చూసి ఏడుపొచ్చింది. ఎప్పుడో పోయిన మా అమ్మ గుర్తొచ్చింది. బస్తా మోస్తుంటే మీరావలి పాదం గుర్తొచ్చింది. మిర్చి యార్డులో ఒక సుఖం ఉంది, అక్కడ ఎవరు ఏడ్చినా తెలియదు. కాయల ఘాటుకి అందరి కళ్ళూ నీళ్ళు కారుతూనే ఉంటాయి. "ఏంటి పేరయ్యా ఆ కళ్ళు?" అంటే, "ఘాటు" అనేవాణ్ణి. అక్కడితో అయిపోయేది.

గదిలో మాత్రం బుధవారం నలభై మూడన్నాను. ఆదివారం నలభై ఏడన్నాను. ఏడు టిక్కీలు మోసినవాణ్ణి, ఆ అబద్ధం మోసి ఇంటికి వచ్చేసరికి మెట్టు ఎక్కలేకపోయేవాణ్ణి.

పద్నాలుగో రోజు, మళ్ళీ బుధవారం. పొద్దున్నే యార్డుకి వెళ్ళేసరికి రెండో షెడ్డు ముందు మీరావలి కూర్చుని ఉన్నాడు. ఇంట్లో ఉండలేక కట్టుతోనే వచ్చాడు. మోసే మనిషి దబ్బనం పట్టుకుని గోతాల మూతులు కుడుతున్నాడు. పక్కన ఎవడో, "పేరయ్య మోతకి మీరావలికి కుట్టుపని దొరికింది" అని నవ్వాడు. మీరావలి కూడా నవ్వాడు. నేను తల తిప్పుకుని నా బస్తా వైపు నడవబోయాను.

"సాయంత్రం నేనూ గదికి వస్తానన్నా" అన్నాడు వాడు. "ఇవాళ్టికి నీకు పద్నాలుగు కదా? భలే!"

ఆ సాయంత్రం నేను చెప్పాల్సింది యాభై.

ఐదింటికి నా కాళ్ళు మందు షాపు ముందు ఆగాయి.

"రా రా పేరయ్యా! పద్నాలుగు రోజులైంది నిన్ను చూసి" అన్నాడు షాపువాడు.

లోకంలో నా రోజులు సరిగ్గా తెలిసింది ఇద్దరికే. ఒకడి పాదం విరగ్గొట్టాను, రెండోవాడు నాకు సీసా ఇచ్చాడు.

సీసా తువ్వాలులో చుట్టుకుని ఖాళీ గోతాల గుట్ట వెనక కూర్చున్నాను. మూత మీద చెయ్యి వేశాను. తాగితే బిళ్ళ పోతుంది. తాగకుండా గదికి వెళ్తే పరువు పోతుంది. ఎవరికైనా ఫోన్ చేద్దామంటే నాకు ఎవరినీ జత చెయ్యలేదు, వద్దని నవ్వింది నేనే. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మామూలుగా అయితే ఇక్కడ మీకు నా ధైర్యం గురించి చెప్పాలి. ధైర్యం ఏమీ లేదు. ఇంకో అబద్ధం మొయ్యడానికి ఓపిక లేక లేచాను. సీసాతోనే గదికి నడిచాను.

అందరూ వచ్చేశారు. మీరావలి కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నేను కుర్చీలో కూలబడగానే కళ్ళ వెంట నీళ్ళు కారడం మొదలైంది. ఆగవే!

"యార్డు నుంచి సరాసరి వచ్చాడు, ఘాటు పట్టినట్టుంది. కాసిని నీళ్ళివ్వండి" అన్నాడు సీతాపతి.

తప్పించుకోవడానికి అంతకంటే మంచి దారి ఏముంటుంది? నోటి దాకా వచ్చింది. కానీ ఆ గదిలో పాత కాగితాల వాసన తప్ప ఏమీ లేదు.

"ఘాటు కాదు" అన్నాను. "పేరయ్య. పద్నాలుగు రోజులు. నలభై అన్నది అబద్ధం. నలభై మూడు, నలభై ఏడు కూడా. మనసు... సింహం లేదు, ఏమీ లేదు. భయంగా ఉంది." తువ్వాలు విప్పి సీసాని బల్ల మీద పెట్టాను.

రూతమ్మ దాన్ని తిప్పి చూసి, "మూత తియ్యలేదుగా. అయితే పద్నాలుగు పద్నాలుగే" అంది.

"మీకు ముందే తెలుసా అమ్మా?"

"నలభై రోజుల మనిషికి చేతులు అలా వణకవు నాయనా. అందుకే జత కావాలా అని అడిగాను. వద్దన్నవాడి వీపుకి బస్తా ఎలా ఎత్తను?"

టైలరు మెల్లగా, "ఆ రోజు నాకూ పన్నెండు కాదండీ, మూడే" అన్నాడు. సీతాపతి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆ దగ్గుకి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏడుస్తూనే.

వెనక వైపు కుళాయి దగ్గరికి వెళ్ళాం. రూతమ్మ అప్పటికప్పుడు నాకు జత చేసిన ఇద్దరూ నా పక్కన నిలబడ్డారు. ఎడమ పక్క ఈనెపుల్ల సీతాపతి, కుడి పక్క కర్ర మీద మీరావలి. మూత తీసి సీసా వంచాలి. చెయ్యి వంగలేదు. వాసన ముక్కుకి తగిలింది. మీరావలి నా మణికట్టు పట్టుకున్నాడు. సీసా వంగింది. మందు సగం పోయాక, అలవాటు కొద్దీ అడిగాడు.

"వదలనా అన్నా?"

ఇరవై ఏళ్ళలో మొదటిసారి నా నోట ఇంకో మాట వచ్చింది.

"అప్పుడే వదలొద్దురా" అన్నాను.

వాడు వదల్లేదు. సీసా ఖాళీ అయ్యాక కూడా వదల్లేదు. మర్నాటి నుంచి సాయంత్రం ఐదింటికి గేటు దగ్గర కర్రతో నిలబడేవాడు. మందు షాపు దాటేదాకా నా పక్కన నడిచేవాడు. నాకు కోపం వస్తే తిట్లు తినేవాడు, ఏడుపొస్తే టీ తాగించేవాడు. బస్తా ఎత్తేటప్పుడు కూడా, నా కాళ్ళు కుదిరాకే "వదులు" అనడం నేర్చుకున్నాను. నా బిళ్ళ ఎవరూ తీసుకోలేదు. వయసైపోయాక నేనే తీసి మా ఇంట్లో మేకుకి తగిలించాను.

నేను చెప్పే మిగతా అన్నింటినీ పదితో భాగించుకోండి, ఏడు టిక్కీలు కూడా. రోజులు మాత్రం తగ్గించొద్దు. ఇవాళ్టికి ఐదు వేల ఎనిమిది వందల ముప్పై ఆరు. ఇప్పటికీ సాయంత్రం ఐదైతే కాస్త అలసటగానే ఉంటుంది.

నీతి ఇదీ: మనసు బరువైనా బస్తా బరువైనా ఎంతుందో నిజం చెప్పి సాయం అడిగితేనే ఎత్తే చేతులు దొరుకుతాయి. నమ్మకపోతే రెండో షెడ్డు దగ్గరికి వెళ్ళి, కొంచెం కుంటుతూ నడిచే ఒక ముసలాయన్ని అడగండి. పేరు షేక్ మీరావలి.