అరటిపండ్ల పోలయ్య కూత

అనగనగా, రాజులు కూడా చెడుగుడు చూడ్డానికి బండి కట్టించుకుని వచ్చే కాలంలో, ఒక కాలువ మీద రెండు ఊళ్ళుండేవి. పైన ఎగువపల్లె, కింద దిగువపల్లె.

దిగువపల్లెలో పోలయ్య అరటిపండ్లు అమ్మేవాడు. పొట్టి మనిషి, బొద్దు మనిషి. నలభై అరటిచెట్లు, ఒక గంప, ఒక గొంతు, ఇదే అతని ఆస్తి. పొద్దున్నే వీధి మొదట్లో "అరటిపండోయ్!" అని కేక ఎత్తితే, వీధి చివరికి వెళ్ళేదాకా దించేవాడు కాదు. మధ్యలో ఊపిరి పీల్చడు. "మావయ్యా, నీ పొట్టలో ఉన్నది తిండి కాదు, అంతా గాలే!" అని ఊరి కోడళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. కాలువలో నీరు బెత్తెడు మిగిలింది. ముందు పారించుకున్న ఊరికి పంట దక్కుతుంది, రెండో ఊరికి బురద దక్కుతుంది. మాకంటే మాకని రెండు ఊళ్ళూ కర్రలు తీశాయి. గెలలు వేసిన పోలయ్య చెట్లు ఆకులు వేలాడేశాయి. వాటిని చూస్తే అతనికి ముద్ద దిగేది కాదు.

సంగతి తెలిసి రాజుగారు వచ్చి కర్రలు కింద పెట్టించారు.

"నెత్తురొద్దు. చెడుగుడు ఆడండి. ఊరికి ఏడుగురు. గెలిచిన ఊరికే ముందు నీరు!" అన్నారు.

ఎగువపల్లెకు కొండన్న నాయకుడు. పేరుకు తగ్గ మనిషి. అతన్ని చూడగానే దిగువపల్లెలో ఆరుగురే మిగిలారు. మిగతా వస్తాదులందరికీ ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చింది. అప్పుడు పోలయ్య గంప దించి, పంచె ఎగ్గట్టాడు.

"నేనున్నాగా! నేను దిగుతా."

కొండన్న పడీపడీ నవ్వాడు. "ఇతనా? ఇతను ఆటలో మనిషి కాదు మహారాజా, ఆటలో అరటిపండు! గట్టిగా పట్టుకుంటే నలిగిపోతాడు. మేం ముట్టుకున్నా ఇతను చచ్చినట్టు కాదు. మా లెక్కలోనే లేడు!"

చెడుగుడులో దొరికిపోయినవాణ్ణి చచ్చాడంటారు కదా. ఆ మాటకు జనమంతా నవ్వారు. సొంత ఊరివాళ్ళు కూడా నవ్వారు. అది పోలయ్యకు ముల్లులా గుచ్చుకుంది.

ఆట మొదలైంది. ఎగువపల్లె నుంచి మొదటివాడు "చెడుగుడుగుడుగుడు" అంటూ దూసుకొచ్చి, ఇద్దర్ని తాకి, పోతూపోతూ పోలయ్య బుగ్గ గిల్లాడు. రెండోవాడు ఇంకో ఇద్దర్ని చంపి, పోలయ్య పొట్ట మీద మద్దెల వాయించి పోయాడు. దిగువపల్లె కుర్రాళ్ళూ తక్కువ తినలేదు, అవతలివాళ్ళలో నలుగుర్ని చంపి బయటికి పంపారు. మూడోసారి కొండన్నే వచ్చాడు. మిగిలిన ఇద్దర్నీ పడగొట్టి, అక్కడొక రాయి ఉన్నట్టు పోలయ్య పక్కనుంచి చూడనైనా చూడకుండా వెళ్ళిపోయాడు. గిల్లినదానికంటే, వాయించినదానికంటే ఇదే పోలయ్యను ఎక్కువ బాధపెట్టింది.

"గెలిచాం!" అంటూ ఎగువపల్లె కాలువ తూము దగ్గరికి పరుగు తీసింది.

"ఆగండి! బరిలో ఇంకా ఒక మనిషి ఉన్నాడు" అన్నారు రాజుగారు.

"వాడు అరటిపండు మహారాజా!"

"ముట్టుకున్నా చావడని మీరే కదా అన్నారు? చావనివాడు నిలబడి ఉండగా ఆ ఊరు ఓడినట్టెలా అవుతుంది?"

దిగువపల్లె గంతులేసింది. "పోలయ్యా! నీకు చావే లేదు! వాళ్ళు ముగ్గురే ఉన్నారు. ఎన్నిసార్లు పట్టుకున్నా మళ్ళీ వెళ్ళు. పొద్దు గూకేలోగా ముగ్గుర్నీ తాకెయ్!"

పోలయ్యకు తన చెట్లు గుర్తొచ్చాయి. కష్టపడకుండా గెలవచ్చు. కానీ గిల్లిన బుగ్గ ఇంకా మండుతోంది. చేతులు జోడించాడు.

"మహారాజా, లెక్కలో లేనివాడు గెలిస్తే ఆ గెలుపు మాత్రం లెక్కకొస్తుందా? నన్నూ లెక్కలో వెయ్యండి. దొరికితే చచ్చినట్టే. ఒక్క కూత ఇవ్వండి చాలు."

"కొంప ముంచావు కదయ్యా!" అని అతని ఊరు నెత్తి బాదుకుంది.

"నీ కూత ఏమిటి?" అని అడిగారు రాజుగారు.

"నాకొచ్చింది ఒక్కటే మహారాజా!"

గుండెల నిండా గాలి పీల్చి, గీత దాటాడు.

"అరటిపండోయ్ అరటిపండోయ్ అరటిపండోయ్..."

ఒకడు కాలు పట్టాడు. ఇంకొకడు నడుము పట్టాడు. పోలయ్య బోర్లా పడ్డాడు. కొండన్న వచ్చి అతని వీపు మీద కూర్చున్నాడు. "ఇప్పుడాగుతుంది చూడండి కూత!" అన్నాడు.

ఆగలేదు! దుమ్ములోంచి "అరటిపండోయ్ అరటిపండోయ్" వస్తూనే ఉంది. పోలయ్య మోచేతుల మీద జానెడు పాకాడు.

ఆ కేక రోజూ వినే కోడళ్ళు, అది వీధిలో ఎక్కడిదాకా వచ్చిందో లెక్కపెట్టసాగారు. ఒకావిడ ఎగిరి అరిచింది. "మావయ్య ఇంకా కంసాలి ఇంటి దగ్గరే ఉన్నాడే!"

ఇంకో జానెడు.

"కమ్మరి కొలిమి దాటాడు!"

కొండన్న మొహంలో నవ్వు పోయింది. బలమంతా పెట్టి అదిమాడు. పోలయ్య మొహం దోరపండులా ఎర్రబడింది. గొంతు బొంగురుపోయింది గానీ కూత తెగలేదు. మూరెడు దూరంలో గీత.

"వీధి చివర సత్రం! వచ్చేశాడు, వచ్చేశాడు!" ఊరంతా అరుస్తోంది.

"అరటి... పండో... య్!"

వేలి కొన గీతను తాకింది. పట్టుకున్న ముగ్గురూ ఒకేసారి చచ్చారు!

దిగువపల్లె బరి మీద విరుచుకుపడింది. పోలయ్యను భుజాల మీదికెత్తారు. అప్పుడుగానీ అతను ఊపిరి పీల్చుకోలేదు. పీల్చుకోగానే ఏడ్చాడు, నవ్వాడు.

ఆ సాయంత్రమే నీరు అతని చెట్ల మొదళ్ళకు చేరింది. మొదటి గెల పండగానే అతను గంపెత్తుకుని నేరుగా ఎగువపల్లె వెళ్ళాడు. కేక వినగానే తలుపు తీసుకుని కొండన్న బయటికొచ్చాడు. ఈసారి పోలయ్య మొహంలోకి చూశాడు. గంప దించడానికి తనే చెయ్యి వేశాడు.

"ఆటలో అరటిపండు" అనే మాట అప్పుడే పుట్టిందని మా వైపు అంటారు. లోకం తీరు చూడండి, కొండన్న నవ్వుతూ అన్న మాటే జ్ఞాపకం పెట్టుకుంది, పోలయ్య కూతను మరిచిపోయింది. ఆటలో చిన్నవాళ్ళను అరటిపండు చేసేవాళ్ళు ఆ మిగతా సగం కూడా గుర్తుంచుకోవాలి.

నీతి: బరిలో దిగినవాణ్ణి కూత వినకముందే లెక్కలోంచి తీసేయకూడదు.